నల్లగొండలో నల్లతెర

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారిని వదిలి బస్సు నల్లగొండ వైపు తిరిగిందో లేదో, రాళ్లు మొదలయ్యాయి. పొలం మధ్యలో ఒక గుండు, దాని మీద ఇంకో గుండు, రెంటి నడుమ అవతలి ఆకాశం కనిపించేంత సందు. మా కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టు, ఆ తర్వాత కొబ్బరిచెట్టు. ఇక్కడ ఊరే రెండు గుట్టల మధ్య ఉంది. ఒక పక్క లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట. నేను కిటికీలోంచి మెడ తిప్పుతూనే ఉన్నాను. పక్క సీటు పెద్దాయన చూసి చూసి, "మొదటిసారి వస్తున్నరా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండానే, "గుట్ట ఎక్కేదుంటే పొద్దుగాల్నే ఎక్కుండ్రి. పది దాటితే రాళ్లు కాలుతయ్" అని చెప్పేశాడు.

నేను వచ్చిన పని వేరే. ఇక్కడి ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మిత్రుడు, లినక్స్ ల్యాబులో పిల్లలకు షెల్ నేర్పుతున్నాను, వచ్చి కూర్చో అని పిలిచాడు. షెల్ అంటే బొమ్మలూ బటన్లూ లేని నల్లతెర. ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టాలి, పని జరుగుతుంది. ఆ వారం పాఠమంతా ఒకే విషయం మీద: ప్రోగ్రాములోకి సరుకు ఎక్కణ్నుంచి వస్తుంది, బయటికి ఎటు పోతుంది, ఆ దారి మార్చాలంటే ఏం రాయాలి. "నాలుగే గుర్తులన్నా. < ఒకటి, > ఒకటి, | ఒకటి, - ఒకటి. గంతే. ఇవి వచ్చిన పిల్లగాడు ఏ కంప్యూటర్ మీదైన బతుకుతడు" అన్నాడు ఫోన్లో.

బస్టాండు బయట బత్తాయిల కుప్పలు. నల్లగొండ బత్తాయి తోటల పేరు విన్నాను గానీ, ఇంత పచ్చగా ఉన్న కాయ ఇంత తియ్యటి రసం ఇస్తుందనుకోలేదు. ఉప్పు వేయమంటావా అని బండి అబ్బాయి అడిగాడు. వేయించుకున్నాను. మీరూ వేయించుకోండి.

ల్యాబులో చివరి కుర్చీ నాది. చుట్టూ దేవరకొండ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. మిత్రుడు నాతో "క్యాట్ అని కొట్టు, ఎంటర్ నొక్కు" అన్నాడు. (ఆజ్ఞల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఫైళ్ల పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు, ఆ పిల్లలు పెట్టుకున్నారు.) నొక్కాను. ఏమీ జరగలేదు. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. కర్సర్ కింది వరుసలోకి దిగి నిలబడింది. కొత్త ఊళ్లో తలుపు తట్టాక, లోపల మనుషులున్నారో లేరో తెలియని ఆ క్షణం లాంటిదది. ఊరికే ఉండలేక "నల్లగొండ" అని కొట్టి ఎంటర్ నొక్కాను. కింద మళ్లీ "నల్లగొండ" అని పడింది. "పానగల్లు" అంటే "పానగల్లు". ప్రతి మాటా రెండుసార్లు!

పక్క మెషీను ముందు కూర్చున్న అమ్మాయి నా ముఖం చూసి అర్థం చేసుకుంది. "అది మీ కోసమే చూస్తున్నది సార్. ఏ ఫైలు చదవాలో మీరు చెప్పలే. చెప్పకపోతే కీబోర్డు నుంచి చదువుతది. పైది మీరు కొట్టింది, కిందిది అది తిరిగి ఇచ్చింది. కంట్రోల్ డి కొట్టండి, అయిపోయిందని తెలుస్తది." కొట్టాను. తెర నా వైపు తిరిగింది.

ఆ అమ్మాయి చెప్పిందే అసలు పాఠం. షెల్ నడిపించే ప్రతి ప్రోగ్రాముకూ మొదటి నుంచే మూడు దారులు తెరిచి ఉంటాయి. వాటికి అంకెలు 0, 1, 2. సున్నా లోపలికి వచ్చేది, స్టాండర్డ్ ఇన్‌పుట్. ఒకటి బయటికి పోయేది, స్టాండర్డ్ ఔట్‌పుట్. రెండు కూడా బయటికే, కానీ తప్పులూ హెచ్చరికలూ చెప్పడానికి ప్రత్యేకించిన దారి, స్టాండర్డ్ ఎర్రర్. మనం ఏమీ చెప్పకపోతే సున్నా కీబోర్డుకూ, మిగతా రెండూ తెరకూ కలిసి ఉంటాయి. దారి మార్చాలన్నప్పుడే గుర్తులు కావాలి.

పిల్లలు "ఊళ్లు" అనే ఫైలులో తమ ఊళ్ల పేర్లు వరుసకు ఒకటి చొప్పున రాసుకున్నారు. "సార్ట్ < ఊళ్లు" అని కొడితే అచ్చంపేట, దేవరకొండ, నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట అని అకారాది క్రమంలో దిగాయి. "సార్ట్ < ఊళ్లు > వరుస" అంటే తెర మీద ఏమీ రాదు, అదంతా "వరుస" అనే ఫైలులోకి పోతుంది. > రెండుసార్లు కొడితే పాతదానికి కింద కొత్తది చేరుతుంది. ఒక్కసారి కొడితే పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. అందుకే "సార్ట్ ఊళ్లు > ఊళ్లు" అని మాత్రం ఎప్పుడూ కొట్టకండి. మిత్రుడు ఒక నకలు తీసి దాని మీద చేసి చూపించాడు. ఫైలు ఖాళీ. సార్ట్ ఇంకా కళ్లు తెరవకముందే, > ను చూసిన షెల్ ఆ ఫైలును తుడిచి సిద్ధం చేసేస్తుంది. పాపం, సార్ట్ చదువుదామని వెళ్లేసరికి అక్కడేమీ ఉండదు.

ఇంకో ముచ్చట. అక్షరాలు లెక్కపెట్టే ఆజ్ఞకు "నల్లగొండ" అనే మాటను పంపించారు. మన కంటికి న, ల్ల, గొం, డ అని నాలుగే. కంప్యూటరు ఒక లెక్కలో 8 అంది, ఇంకో లెక్కలో 24 అంది. వత్తునూ గుణింతాన్నీ సున్నాన్నీ విడివిడిగా లెక్కిస్తే 8. ఒక్కో తెలుగు సంకేతానికీ 3 బైట్లు కాబట్టి 24. ఈ దారుల్లో ప్రవహించేవి అక్షరాలు కావు, బైట్లు. అవి ఏ భాషవో దారికి అక్కర్లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంత ధైర్యంగా కూర్చోవడానికి కారణం నాకక్కడ దొరికింది. < > | - అన్నవి ఇంగ్లీషు కూడా కాదు. అవి ఎవరికీ మాతృభాష కావు, కాబట్టి అందరూ ఒకే గీత దగ్గర మొదలుపెడతారు.

రెండో అంకె దారి ఎందుకు పుట్టిందో మిత్రుడు చెప్పిన కథ నాకు చాలా నచ్చింది. యూనిక్స్ పుట్టింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, 1969లో, కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో. మొదట్లో తప్పుల మాటలు కూడా ఒకటో దారిలోనే వచ్చేవి. తర్వాత అక్కడికి ఫోటో టైప్‌సెట్టింగ్ యంత్రం వచ్చింది. పేజీ కూర్చి, కాగితాన్ని ఘాటు వాసన వేసే రసాయనాల్లో కడిగి, తీరా చూస్తే అందులో ఒకే ఒక్క వాక్యం ముద్రై ఉండేది, ఫలానా ఫైలు తెరవలేకపోయాను అని, ఎంతో అందమైన అచ్చులో. అలా ఒకే మధ్యాహ్నం పలువురికి జరిగాక తప్పులకు వేరే దారి వేశారు. "2> తప్పులు" అని రాస్తే ఇప్పుడవి విడిగా ఓ ఫైలులోకి పోతాయి.

ఆ రెండింటినీ మళ్లీ కలపాలంటే 2>&1. చూడగానే భయపెట్టే ఆ గుర్తుల గుంపు ముందు చాలాసేపు ఆగాను. "1 ఇప్పుడు ఎటు పోతున్నదో 2 కూడా అటే పోవాలె" అని దానర్థం. ఇందులో "ఇప్పుడు" అన్నమాటే ప్రాణం. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. "> ఫలితం 2>&1" అంటే ముందు 1 ఫైలు వైపు తిరిగింది, తర్వాత 2 దాని వెంట వెళ్లింది, రెండూ ఫైలులోకే. తారుమారు చేసి "2>&1 > ఫలితం" అంటే, 1 ఇంకా తెర వైపే ఉన్నప్పుడు 2 దాన్ని చూసి తెరకే కలిసింది. ఆ తర్వాత 1 ఒక్కటే ఫైలుకు తిరిగింది. తప్పులు తెర మీదే పడతాయి. & మరిచిపోతే "1" అనే పేరుతో ఓ ఫైలు పుడుతుంది.

మధ్యాహ్నం మిత్రుడి ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, అంచుకు తపాలచెక్క. వాళ్లమ్మగారు "ఇంకో రొట్టె తిను బిడ్డా, గంతేనా?" అంటూ వేడివేడిది పళ్లెంలో పడేశారు. మాకు పూటపూటా అన్నమే. రొట్టె అంటే జ్వరం వచ్చిన రోజు. పులుసు కాచకుండా చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి పోయడం మా ఇంట్లో ఎరగం. ఆ ఎండకు అంతకు మించిన మందు లేదు.

భోజనమయ్యాక - వంతు. నాకు ఆ రోజంతటికీ తలమానికం ఇదే. < > | గుర్తులు షెల్‌వి. వాటిని షెల్ తనే చదువుకుని దారులు కలిపేస్తుంది, ప్రోగ్రాముకు అవి కనిపించనే కనిపించవు. - అలా కాదు. షెల్‌కు దాని అర్థం తెలియదు, ఉన్నదున్నట్టు ప్రోగ్రాము చేతికిస్తుంది. ఫైలు పేరు ఉండాల్సిన చోట - కనిపిస్తే "ఫైలు కాదు, నా సున్నా దారిలోంచే చదవాలి" అని అర్థం చేసుకునేది ప్రోగ్రామే. పిల్లల్లో ఒకడు "క్యాట్ శీర్షిక - సంతకం > ఉత్తరం" అని కొట్టాడు. శీర్షిక ఫైలు వచ్చింది, మధ్యలో ఆగింది, వాడు ఉత్తరంలోని మాటలు చేత్తో కొట్టాడు, కంట్రోల్ డి, చివర సంతకం ఫైలు అతుక్కుంది. ఫైళ్లను మూటకట్టే టార్‌కు ఫైలు పేరు చోట - ఇస్తే, కట్టేటప్పుడు మూటను ఒకటో దారిలోకి వదులుతుంది, విప్పేటప్పుడు సున్నా దారిలోంచి తీసుకుంటుంది. ఒకే గీత, పనిని బట్టి లోపలా బయటా.

మిత్రుడు ఆ తేడా చూపించిన తీరు మీరూ ఇంట్లో చేసి చూడండి. "డేట్ > -" అని కొట్టాడు. తేదీ తెర మీద రాలేదు. ఫైళ్ల జాబితా చూస్తే - అనే పేరుతోనే ఒక ఫైలు! > తర్వాత ఉన్నదాన్ని షెల్ ఫైలు పేరుగానే తీసుకుంది. ఇప్పుడు "క్యాట్ -" అంటే ఆ ఫైలు కనిపించదు, కీబోర్డు కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. "క్యాట్ < -" అంటే తేదీ వస్తుంది. "క్యాట్ ./-" అన్నా వస్తుంది. ల్యాబంతా "అరే!" అంది, వాళ్లతో పాటు నేనూ. అన్ని ప్రోగ్రాములూ - ను గుర్తుపట్టవు. గుర్తుపట్టని వాటికి డెవ్ ఫోల్డరులోని స్టడిన్ అనే పేరు ఇస్తే సరి. అది నిజంగానే ఫైలు పేరులా ఉంటుంది, తెరిస్తే సున్నా దారే.

సాయంత్రం పానగల్లు. ఛాయాసోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే నీడను చూశాను. సూర్యుడు ఎక్కడున్నా అది అక్కడే. ఆ పక్కనే ఉదయసముద్రం చెరువు. అందులోకి వచ్చే కృష్ణా నీళ్లు పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తినవి. గట్టు మీద నిలబడి మా ఊరిని తలుచుకున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మాకు నీళ్లు వాటంతటవే వస్తాయి, కాలువ వాలుగా ఉంది, పారుతుంది. ఏమీ చెప్పకపోయినా కీబోర్డు నుంచి తెరకు పోయినట్టు. ఈ మెట్ట సీమలో నేల పైన, నది కింద. ఎక్కణ్నుంచి తేవాలి, ఎటు పంపాలి అన్నది ప్రతిచోటా మనుషులే రాసిపెట్టాలి.

అందుకే కృష్ణా నీళ్లను మెట్టకు ఎత్తే ఇంకో చోటు, కొల్లాపురం వైపు, నాకు చూడాలనిపించింది. దేవరకొండ కోటను కిటికీలోంచే చూసుకుని, డిండి దాటి, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు మీదుగా వెళ్లాను. 2016లో జిల్లాలు విడిపోక ముందు డిండి అవతలదంతా మహబూబ్‌నగరే. ఇప్పటికీ బస్సులో అందరి నోటా పాలమూరే. కొల్లాపురం నుంచి ఆటోలో ఎల్లూరు వైపు పోతుంటే మామిడితోటల మధ్య దారి రెండుగా చీలింది, బోర్డు లేదు. ఆటో అబ్బాయి పక్క మండలం వాడు, నేను పక్క రాష్ట్రం వాణ్ని. ఇద్దరం దిగి నిలబడ్డాం. మేకలు తోలుకొస్తున్న పెద్దమ్మ మమ్మల్ని పైనుంచి కిందికి చూసి "మోటర్ల కాడికా? గా చింతచెట్టు కాడ ఎడమకు వోండ్రి కొడకా. నీళ్ల సప్పుడు మీకే ఇనొస్తది" అంది.

కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఇక్కడే మొదలు. శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు దగ్గర మొదట ఎత్తుతారు. ఆ నీళ్లు సింగోటం చెరువు మీదుగా జొన్నలబొగుడకు చేరితే అక్కడ రెండోసారి, గుడిపల్లిగట్టు దగ్గర మూడోసారి. ఒక్కో చోటా ఐదేసి మోటార్లు, ఒక్కోటి 30 మెగావాట్లు. సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి గుడి పక్కన చెరువు గట్టు మీద కూర్చుని చూస్తే, ల్యాబులో అరకొరగా అర్థమైన | నా కళ్ల ముందు పరుచుకుని ఉంది. "ఎల్లూరు | జొన్నలబొగుడ | గుడిపల్లిగట్టు". ముందున్నదాని ఒకటో దారిని వెనకదాని సున్నా దారికి కలపడమే | చేసే పని. జొన్నలబొగుడ మోటారుకు నీళ్లు నదివా చెరువువా అక్కర్లేదు. వచ్చింది తీసుకుంటుంది, పైకి ఇస్తుంది.

బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ప్రోగ్రాములను తోట గొట్టాల్లా ఒకదానికొకటి బిగించే వీలుండాలని రాసిపెట్టుకున్నాడు. యూనిక్స్‌లోకి ఆ గొట్టం 1973లో వచ్చింది, థాంప్సన్ రాశాడు. ఆయన ఆలోచనకు తోట గొట్టం కన్నా ఈ గట్టు మీది ఎత్తిపోతలే దగ్గరని నాకనిపిస్తోంది, ఎందుకంటే మధ్యలో చెరువుంది. లినక్స్‌లో ప్రతి | కింద మామూలుగా 65,536 బైట్లు పట్టే చిన్న చెరువుంటుంది. ముందున్న ప్రోగ్రాము వేగంగా పోసి అది నిండితే, వెనకది కొంత తోడుకునే దాకా ముందుది ఆగుతుంది. చెరువు ఎండితే వెనకది ఆగుతుంది. ఎవరూ ఎవరికీ కబురు చెప్పక్కర్లేదు. అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి, ఒకటి పూర్తయ్యాక ఇంకోటి కాదు.

గట్టు మీద నా పక్కన కూర్చున్నాయన ఒకప్పుడు పాలమూరు కూలీగా ఊరూరా ఆనకట్టల పనికి పోయినవాడు. ఎన్నో చోట్ల కాలువలు తవ్వి వచ్చాడు. "అందరి చేన్లకు నీళ్లు వారిచ్చినం. మా చెల్కకు మా కాలంల రాలే. మా పిల్లగాని కాలంల వచ్చినయ్" అన్నాడు. మూడు లక్షల ఎకరాలకు పైగా పారించాలని కట్టిన పథకంలో ఆయన చెలక ఒకటి. ఇప్పుడు అందులో వరి. మా వైపు వరి చూసి ఎవరూ ఆగరు. ఆయన కోసం నేను ఆగి చూశాను.

వనపర్తి మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి బస్సంతా వేయించిన పల్లికాయ వాసన. పిల్లలమర్రి ఊడల కింద కాసేపు తిరిగాను, మొదటి మాను ఏదో కనుక్కోవడానికి ప్రయత్నించకండి, తిరుగుతూ ఉంటే చాలు. నల్లగొండ మిత్రుడి పాత విద్యార్థి ఒకడు ఇక్కడే చదువుతున్నాడు, బస్టాండుకు వచ్చి కలిశాడు. ల్యాప్‌టాప్ లేదు. ఫోన్లో టర్మక్స్ అనే యాప్ వేసుకున్నాడు. అదే నల్లతెర, అరచేతిలో. ఫోన్ కీబోర్డులో | వెతకడం కష్టం కదా అన్నాను. నవ్వి, తెర అడుగున ఆ యాపే ఇచ్చే వరుసలో - మీద వేలు పెట్టి పైకి జరిపాడు. | పడింది! ఈ రెండు గుర్తులనూ ఒకే మీటలో పెట్టిన వాళ్లెవరో గానీ నాకు దండం పెట్టాలనిపించింది.

వాడి దగ్గరా "ఊళ్లు" ఫైలుంది, అన్నీ పాలమూరు ఊళ్లు. "గ్రెప్ పల్లి < ఊళ్లు" అంటే పల్లి అన్న మాట ఉన్న ఊళ్లన్నీ తెర పట్టనంతగా దొర్లాయి. "మీ దిక్కు ఊళ్లు ఎట్లుంటయి సార్?" అని అడిగాడు. లంకలెక్కువ అన్నాను. "క్యాట్ ఊళ్లు - | గ్రెప్ లంక" అని కొట్టి ఫోన్ నా చేతికిచ్చాడు. ముందు వాడి ఫైలంతా ఆ గొట్టంలోంచి వెళ్లిపోయింది, తెర మీద ఒక్క ఊరూ పడలేదు. తర్వాత - చోట నా వంతు. "అప్పనపల్లి" అని కొట్టాను, కదలిక లేదు. "ఊడిమూడిలంక" అన్నాను, కింద వెంటనే మళ్లీ ఊడిమూడిలంక. "సఖినేటిపల్లి లంక" అంటే అదీ వచ్చింది. "ఇది పల్లిలో కూడా వస్తది, లంకలో కూడా వస్తది సార్!" అని వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. హైదరాబాదు బస్సు వచ్చి నిలబడ్డా, "ఇంకేమున్నయి సార్, చెప్పండ్రి" అంటూనే ఉన్నాడు. నేను లంకల గన్నవరం కొడుతూనే ఉన్నాను.